ఉగ్గుగిన్నెడు పాలు

“ఏడో నెలలోనే కాన్పయిపోయింది, ఇంకెక్కడి పాలమ్మా? నెలలు నిండితే కదా పాలు పడేది!”

నెలలు నిండని బిడ్డ పుట్టిన ఇంట్లో ముందుగా లేచే ప్రశ్న ఇదే. రాయచూరు జిల్లాలో దీన్ని రెండు భాషల్లో వినవచ్చు. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయ్యింది. ఎడమ కాలువ నీళ్లు పారిన సింధనూరు, మాన్వి ప్రాంతాలకు కోస్తా నుంచి వచ్చి, భూములు కొనుక్కుని స్థిరపడ్డ రైతుల ‘క్యాంపు’ల్లో తెలుగులో అడుగుతారు. పక్క ఊళ్లో కన్నడంలో అడుగుతారు. ఏ భాషలో అడిగినా లోపలున్న లెక్క ఒకటే: పిందెగా ఉండగానే రాలిపోయిన కాయలో తీపి ఎక్కడిది?

లెక్క సబబుగానే ఉంది. కానీ తల్లి రొమ్ము ఆ లెక్క ప్రకారం నడవదు.

37 వారాలు నిండకముందే పుడితే వైద్యులు నెలలు నిండని బిడ్డ అంటారు. 2020లో ప్రపంచమంతటా అలా పుట్టినవాళ్లు కోటీ 34 లక్షల మంది ఉంటారని అంచనా. అందులో 30 లక్షల దాకా మన దేశంలోనే. తల్లికి రక్తం తక్కువ కావడం, పెద్దగా ఎదగకముందే పెళ్లి, కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం లేకపోవడం, కడుపుతో ఉండగా బీపీ, కవలలు, ఇన్ఫెక్షన్లు. కారణాలు ఇలా చెప్పుకుంటూ పోవచ్చు, చాలా కాన్పుల్లో ఏ కారణమూ దొరకదు కూడా. వాటి జోలికి ఈ అధ్యాయంలో వెళ్లను. బిడ్డ పుట్టేసింది, బాక్సులో పెట్టారు. ఇప్పుడేం చెయ్యాలి అన్నది మన ప్రశ్న.

మాయ పడితే షట్టరు లేస్తుంది

గర్భం ఐదో నెలకు వచ్చేసరికే రొమ్ములో పాలు తయారుచేసే కణాలు సిద్ధమైపోతాయి. కొందరికి ఆరో నెలలోనే జాకెట్టు మీద పసుపు మరక కనిపిస్తుంది. అయితే పాలు ధారగా ఎందుకు రావు? మాయ రానివ్వదు. కడుపులో బిడ్డను అంటిపెట్టుకుని ఉండే మాయ నుంచి ప్రొజెస్టిరాన్ అనే హార్మోను తల్లి రక్తంలోకి వస్తుంటుంది. తూముకు దించిన షట్టరు లాంటిది అది. వెనక నీళ్లున్నాయి, షట్టరు దించి ఉంది. అంతే.

కాన్పయ్యాక మాయ పడగానే ఆ హార్మోను పడిపోతుంది, షట్టరు లేస్తుంది. అది ఏడో నెలా తొమ్మిదో నెలా అన్న పట్టింపు షట్టరుకు లేదు. రెండు మూడు రోజుల్లో పాలు పడతాయి. సిజేరియన్ అయితేనో, బీపీతో తల్లి నీరసించి ఉంటేనో మరో రోజో రెండు రోజులో ఆలస్యం కావచ్చు. కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు: పడతాయి.

కానీ షట్టరు లేవడంతోనే పని అయిపోలేదు. ఇక్కడి నుంచి కాలువ పోలిక పనికిరాదు. కాలువలో పైవాళ్లు ఎంత తోడుకుంటే కింది ఆయకట్టుకు అంత తక్కువ. ఈ సంగతి చివరి ఆయకట్టులో నారు పోసుకుని ఆకాశం వంక చూసే రాయచూరు రైతుకు నేను చెప్పాలా! రొమ్ము కాలువ కాదు, చెలమ. ఎండాకాలం నది ఇసుకలో తవ్వే చెలమ. చిప్పతో తోడితే మళ్లీ ఊరుతుంది, ఇంకా తోడితే ఇంకా ఊరుతుంది. తోడకుండా వదిలేస్తే ఇసుక జారి పూడిపోతుంది. రొమ్ములో పాలు నిలవ ఉండిపోతే అవసరం లేదనుకుని శరీరం తయారీ తగ్గించేస్తుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డయితే తానే నోటితో చెలమ తోడుకుంటుంది. ఏడో నెల బిడ్డకు ఆ శక్తి లేదు. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ ఒక వరసలో నడవాలంటే 34 వారాలైనా రావాలి. అంతదాకా ఎవరో ఒకరు తోడిపెట్టాలి. ఆ ఎవరో తల్లి చెయ్యే.

పగలూ రాత్రీ కలిపి రోజుకు ఎనిమిది నుంచి పది సార్లు. కాన్పయిన మొదటి కొన్ని గంటల్లోనే మొదలుపెడితే మంచిది. రాత్రి పూట ఒక్కసారైనా లేవాలి, ఎందుకంటే పాల తయారీ హార్మోను ప్రొలాక్టిన్ రాత్రిళ్లు ఎక్కువగా ఉంటుంది.

చూడ్డానికి ఇది ఎలా ఉంటుందో చెబుతాను. మరిగించి ఆరబెట్టిన వెడల్పు మూతి స్టీలు గ్లాసు. చేతులు కడుక్కున్న తల్లి, చనుమొన చుట్టూ నల్లగా ఉండే వలయం అంచున బొటనవేలు పైనా చూపుడువేలు కిందా ఆనిస్తుంది. ముందు ఛాతీ వైపుకు ఒత్తి, తర్వాత వేళ్లు దగ్గరికి తెచ్చి, వదులుతుంది. ఒత్తడం, వదలడం. చనుమొనను పట్టి లాగకూడదు, లాగితే నొప్పే తప్ప పాలు రావు. రెండు మూడు నిమిషాలు ఏమీ ఉండదు. తర్వాత ఒక బొట్టు, తేనెలా చిక్కగా, పసుపుగా. పావుగంట గడిచేసరికి గ్లాసు అడుగు తడిసిందా అంటే తడిసింది. పక్కన నిలబడ్డ అమ్మమ్మ తొంగి చూసి నిట్టూరుస్తుంది. “ఇంతేనా సిస్టరమ్మా, ఇది పిల్లకేం ఆనుతుంది?” నర్సు సిరంజితో ఆ తడినంతా పీల్చి చూపిస్తుంది. 2 మిల్లీలీటర్లు. “పూటకు ఇంతే కావాలి పెద్దమ్మా, మీ మనవరాలికి.”

నర్సు ఓదార్పుకు అన్న మాట కాదది. బిడ్డ బరువు 1,200 గ్రాములనుకోండి. మొదట్లో కిలో బరువుకు రోజుకు 20 మిల్లీలీటర్ల చొప్పున లెక్కేస్తే రోజు మొత్తానికి 24 మిల్లీలీటర్లు. రెండు గంటలకోసారి పడితే, పూటకు సరిగ్గా ఆ రెండు మిల్లీలీటర్లే. ముక్కు నుంచో నోటి నుంచో కడుపులోకి వేసిన సన్నటి గొట్టం గుండా అవి దిగుతాయి. అదీ నెట్టరు. సిరంజి పిడి తీసేసి, పైకెత్తి పట్టుకుని, వాటంతట అవి జారనిస్తారు. గ్లాసు అంచుకు అంటుకున్న మీగడ పోకుండా పాలను మెల్లగా గుండ్రంగా తిప్పి మరీ తీస్తారు, బరువు పెంచేది ఆ కొవ్వే కాబట్టి.

జున్నుకు ఎగబడతాం, ముర్రుపాలు పారబోస్తాం

పశువు ఈనిందంటే వీధంతా ఎదురుచూస్తుంది. జున్నుపాలు ఏ ఇంటికి పంపారు, ఎవరిని మరిచారు అన్నదాని మీద అలకలు కూడా ఉంటాయి. కన్నడ ఇళ్లలో దాన్నే గిణ్ణు అంటారు, బెల్లమూ యాలకులూ వేసి అంతే ఇష్టంగా వండుతారు. అదే ఇంట్లో ఆడపిల్ల ప్రసవిస్తే, రొమ్మున వచ్చే తొలి పసుపు పాలను ‘చెడ్డపాలు, అరగవు’ అని పిండి పారబోయించిన పెద్దలు నిన్నమొన్నటి దాకా ఉన్నారు, ఇప్పటికీ ఉన్నారు. ఇన్నేళ్లుగా చూస్తున్నా నాకు అంతుబట్టని విచిత్రం ఇది. దూడకు దక్కాల్సింది మనం తింటాం, బిడ్డకు దక్కాల్సింది నేల పాలు చేస్తాం.

జున్నుపాలు వేడికి గడ్డకట్టేది అందులోని ప్రోటీన్ల వల్ల. ఆ ప్రోటీన్లలో పెద్ద భాగం రోగాలను ఎదిరించే ప్రతిదేహాలు, అంటే యాంటీబాడీలు. తల్లి ముర్రుపాలలోనూ ప్రతిదేహాలే ముఖ్యం. ఐజీఏ అనే రకం ప్రతిదేహాలు బిడ్డ రక్తంలోకి పోవు, పేగు లోపలి గోడనే అంటిపెట్టుకుని కాపలా కాస్తాయి. వాటికి తోడు లాక్టోఫెరిన్ అనే మరో ప్రోటీన్ ఉంది. క్రిములు పెరగాలంటే ఇనుము కావాలి. ఇది ఆ ఇనుమును ముందే చేజిక్కించుకుని వాటిని పస్తు పెడుతుంది.

మరి నెలలు నిండని బిడ్డ తల్లి పాలు నీళ్లనీళ్లగా, సత్తువ లేకుండా ఉంటాయా? ఉల్టా. మొదటి వారాల్లో ఆ పాలలో ప్రోటీన్లు, ఉప్పు, ఐజీఏ ప్రతిదేహాలు నెలలు నిండిన తల్లి పాలలో కన్నా ఎక్కువ. నెల తిరిగేసరికి మామూలు పాల దారిలోకి వస్తాయి. తొందరపడి పుట్టిన బిడ్డకు తగ్గట్టుగా తొందర వంట. బిడ్డకు గొట్టంతో కూడా పాలు పట్టలేని రోజుల్లో సైతం చాలా ఆసుపత్రుల్లో రెండు చుక్కల ముర్రుపాలు, ఈ బుగ్గ లోపల ఒకటి, ఆ బుగ్గ లోపల ఒకటి, పూస్తారు. కడుపు నింపడానికి కాదు, నోట్లోనే కాపలా మొదలుకావాలని.

ఇంకో సంగతి. తల్లి ఏ వాతావరణంలో తిరిగితే అక్కడి క్రిములకు సరిపడే ప్రతిదేహాలు ఆమె పాలలో చేరతాయి. ఆమె ఊళ్లో మంచం మీద ఉండి, బిడ్డ రాయచూరు ఆసుపత్రిలో ఉంటే, ఆ పాలలో ఊరి క్రిములకు మందు ఉంటుందే గానీ వార్డు క్రిములకు ఉండదు. రోజూ లోపలికి వచ్చి బిడ్డను తాకే తల్లి పాలు వేరు. సందర్శకుల వేళలు అంటూ బోర్డు రాసి తల్లిని కూడా ఆ లెక్కలో కట్టే అలవాటు మన ఆసుపత్రుల్లో చాన్నాళ్లు నడిచింది. తల్లి సందర్శకురాలు ఎలా అయ్యింది?

పచ్చి పేగు, తొలి నారు

నెలలు నిండని బిడ్డలకు డాక్టర్లు ఎంతగానో భయపడే జబ్బు ఒకటుంది. పేరు నెక్రోటైజింగ్ ఎంటెరోకొలైటిస్, వార్డులో ‘నెక్’ అంటారు. మనం పేగు కుళ్లు అందాం. నిన్నటిదాకా బాగానే ఉన్న బిడ్డ పొట్ట ఉబ్బుతుంది, గొట్టంలో పచ్చని పసరు వస్తుంది, విరేచనంలో నెత్తురు పడుతుంది. పేగులో కొంత భాగం చచ్చుబడిపోతుంది. ఆపరేషన్ దాకా వెళ్లిన బిడ్డల్లో చాలామంది దక్కరు.

బిడ్డ పేగు నిన్న పూసిన మట్టి గోడ అనుకోండి, ఇంకా ఆరలేదు. కణానికీ కణానికీ మధ్య సందులున్నాయి. అలాంటి గోడ మీదికి ఏ క్రిములు ముందు చేరతాయన్నదే అసలు పోటీ. సింధనూరు వైపు వరి పండించేవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. దమ్ము చేసిన మడిలో నారు ముందు పట్టుకుంటే కలుపుకు చోటు తక్కువ, కలుపు ముందు లేస్తే ఇక పంటకాలమంతా దానితోనే గొడవ.

తల్లిపాలలో లాక్టోజ్, కొవ్వు తర్వాత మూడో స్థానంలో ఉన్న ఘనపదార్థం కొన్ని ప్రత్యేక చక్కెరలు. వైద్యశాస్త్రంలో వాటి పేరు హ్యూమన్ మిల్క్ ఆలిగోసాకరైడ్లు. దాదాపు 200 రకాలున్నాయి. వింతేమిటంటే బిడ్డ వీటిని అరిగించుకోలేదు. తనకు అరగని తిండిని తల్లి శరీరం ఎందుకు అంత శ్రమపడి తయారు చేస్తుంది? తినేది బిడ్డ కాదు, బిడ్డ పేగులో ఉండే బిఫిడో బాక్టీరియా. పారిస్‌లో హెన్రీ టిస్సియే అనే శాస్త్రవేత్త 1899లో తల్లిపాలు తాగే పసికందుల మలంలో కనిపెట్టిన మేలు క్రిములివి. అంటే తల్లిపాలలో బిడ్డకు అన్నం ఉంది, నారుకు ఎరువూ ఉంది. ఆ ఎరువు కలుపుకు పెద్దగా పనికిరాదు.

ఈ తేడా ఎంతదాకా పోతుందో ఇంగ్లండ్‌లో అలన్ లూకస్, టి.జె. కోల్ లెక్క తీశారు. నెలలు నిండకుండా పుట్టిన 926 మంది బిడ్డలను గమనించి 1990లో లాన్సెట్ పత్రికలో రాశారు. తల్లిపాలు మాత్రమే పట్టిన బిడ్డలతో పోలిస్తే డబ్బా పాలు మాత్రమే పట్టినవాళ్లలో ఈ పేగు కుళ్లు 6 నుంచి 10 రెట్లు ఎక్కువగా వచ్చింది. డబ్బా పాలతో పాటు కొంత తల్లిపాలు కూడా పడితే ఆ ముప్పు బాగా తగ్గింది. గ్లాసు అడుగున తడిసిన ఆ రెండు మిల్లీలీటర్లకు విలువ కట్టాలంటే ఈ అంకెలు చూడాలి.

పాడి ఉన్న ఇళ్లలో మరో ఆలోచన వస్తుంది. గేదె పాలు చిక్కన కదా, నీళ్లు కలిపి పడితే పోలేదా? గేదె పాలలో ప్రోటీన్ తల్లిపాలకు నాలుగు రెట్ల దాకా ఉంటుంది. అది లేగదూడకు, అంటే పుట్టిన పూటే లేచి నిలబడే జీవికి. ఆ ప్రోటీన్ ఈ పచ్చి పేగులో గట్టి గడ్డ కడుతుంది, మిగిలింది వడకట్టలేక మూత్రపిండాలు అలసిపోతాయి. నీళ్లు కలిపితే కొవ్వూ పలచబడుతుంది, నీళ్లలోని క్రిములు అదనం.

తల్లిపాలే సర్వం అని రాసి ఊరుకుంటే అది కూడా తప్పే. కిలోన్నర లోపు బిడ్డల ఎముకలకు కాల్షియం, భాస్వరం, కండకు ప్రోటీన్ ఒట్టి తల్లిపాలతో చాలకపోవచ్చు. అప్పుడు డాక్టర్లు తల్లిపాలలోనే బలం పొడి కలుపుతారు. ఇనుము, డి విటమిన్ చుక్కలు విడిగా ఇస్తారు. ఆ పొడి ఇంట్లో కలిపేది కాదు.

చేపు

పాడి తెలిసినవాళ్లకు ‘చేపు’ అనే మాట చెప్పక్కర్లేదు. దూడను వదిలి, పొదుగు మీద నాలుగు కుమ్ములు కుమ్మనిస్తే గేదె చేపుతుంది. అప్పుడు దూడను లాగి కట్టేసి పాలు పితుకుతారు. కొత్త మనిషి వచ్చినా, కుక్క మొరిగినా గేదె ఎగజేపుతుంది, పొదుగులో పాలున్నా చెంబులోకి రావు. మనిషికీ అంతే. పాలు తయారు చేసే హార్మోను ఒకటి, తయారైన పాలను వదిలే హార్మోను మరొకటి. రెండోదాని పేరు ఆక్సిటోసిన్, నేను దాన్ని చేపు హార్మోను అంటాను. బిడ్డ వాసన, ఏడుపు, స్పర్శ దాన్ని లేపుతాయి. భయం, నొప్పి, దిగులు అణచేస్తాయి.

ఇప్పుడు ఒక తల్లి పరిస్థితి చూడండి. తాలూకా ఆసుపత్రిలో సిజేరియన్ అయింది. బిడ్డను 108 అంబులెన్సులో రాయచూరు తీసుకుపోయారు. కుట్లతో ఆమె ఇక్కడ, బిడ్డ అక్కడ, మధ్యలో గంటల దారి. దూడ లేని గేదెను పితకబోతూ ‘పాలు రావడం లేదు’ అంటే తప్పు ఎవరిది? అందుకే తల్లికి బిడ్డ ఫొటో ఫోన్‌లో చూపించడం, బిడ్డకు చుట్టిన గుడ్డ ఆమె దగ్గర ఉంచడం లాంటి చిన్న పనులు కూడా పాలు రప్పిస్తాయి. పాలు పిండి మంచు పెట్టెలో పంపవచ్చు కూడా. నిలవ సంగతిలో ఒక్క జాగ్రత్త: పిండిన పాలు గది వేడిలో నాలుగు గంటలు ఆగుతాయని పుస్తకాల్లో ఉంటుంది. ఆ గది వేడి అంటే 25 డిగ్రీలు. మే నెల రాయచూరులో గది ఎప్పుడు 25 డిగ్రీలుంది! ఫ్రిజ్జే దిక్కు.

అన్నిటికన్నా మంచిది బిడ్డను తల్లి రొమ్ముల మధ్య, ఒంటికి ఒళ్లు తగిలేలా నిలువుగా కట్టి ఉంచడం. దీన్ని ‘కంగారూ సంరక్షణ’ అంటారు. పేరు విని కంగారు పడే అమ్మమ్మలున్నారు, పాపం వాళ్ల తప్పేముంది. మన పెద్దలు మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అని రెండు చెప్పారు. కోతి పిల్ల తల్లిని తనే కరచుకుంటుంది, పిల్లి పిల్లను తల్లే నోట కరచి మోస్తుంది. ఏడో నెల బిడ్డకు కరచుకునే బలం లేదు, కాబట్టి ఇది పిల్లి పద్ధతి.

ఇంక్యుబేటర్లు చాలక, ఒకే పెట్టెలో ఇద్దరు ముగ్గురు బిడ్డలను పెట్టాల్సిన దుస్థితిలో 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో డాక్టర్ ఎడ్గర్ రే మొదలుపెట్టిన పద్ధతి ఇది. పేదల ఆసుపత్రి సర్దుబాటు అని చాలాకాలం చిన్నచూపు చూశారు. భారత్, ఘనా, మలావి, నైజీరియా, టాంజానియాలలోని ఐదు ఆసుపత్రుల్లో, 1,800 గ్రాముల లోపు బిడ్డల మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాక ఆ మాట ఆగింది. పుట్టిన వెంటనే తల్లి ఒంటికి చేర్చిన బిడ్డల్లో 28 రోజుల్లో చనిపోయినవాళ్లు 12 శాతం, ముందు వార్మర్‌లో పెట్టి కుదుటపడ్డాక చేర్చిన బిడ్డల్లో 15.7 శాతం. అంటే నాలుగు చావుల్లో ఒకటి తప్పింది. తేడా స్పష్టంగా కనిపించడంతో పరీక్షను మధ్యలోనే ఆపేశారు.

రాయచూరుకు ఇది మరీ దూరపు కబురేం కాదు. పక్కనున్న కొప్పళ 1997 దాకా రాయచూరు జిల్లాలో భాగమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇథియోపియాలోనూ మన దేశంలోనూ జిల్లా స్థాయిలో కంగారూ సంరక్షణను అందరికీ చేర్చే ప్రయత్నానికి ఎంచుకున్న చోట్లలో కొప్పళ ఒకటి. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్యులు ప్రభుత్వ సిబ్బందితో కలిసి పనిచేశారు. రెండు కిలోల లోపు పుట్టిన బిడ్డ రోజుకు ఎనిమిది గంటలకు తగ్గకుండా తల్లి ఒంటి మీద ఉండాలి, తల్లిపాలు మాత్రమే తాగాలి. రెండూ ఉంటేనే లెక్కలోకి తీసుకున్నారు. అంత గట్టి లెక్కలోనూ మన దేశపు జిల్లాల్లో ఆసుపత్రి వదిలే నాటికి సగానికి పైగా బిడ్డలు నిలిచారు. అదే నీళ్లు, అదే ఎండ, అవే అత్తగార్లు. కొప్పళలో అయ్యింది మాన్విలో కాదనడానికి కారణం నాకు కనిపించడం లేదు.

మరో తల్లి పాలు

అన్నీ చేసినా కొందరు తల్లులకు పాలు చాలవు. కొందరు తల్లులు బతికే ఉండరు. అప్పుడు పరీక్షించి, వేడిచేసి ఇచ్చిన మరో తల్లి పాలు డబ్బా కన్నా మేలు. మన దేశంలో, ఆ మాటకొస్తే ఆసియాలోనే తొలి తల్లిపాల బ్యాంకును 1989లో ముంబయి సయాన్ ఆసుపత్రిలో డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్ మొదలుపెట్టారు. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో ‘ధాత్రి’ 2017లో వచ్చింది. నీలోఫర్ మొదలైన 1953లో రాయచూరు కూడా హైదరాబాదు రాష్ట్రంలో జిల్లాయే. బెంగళూరు వాణీవిలాస్ ప్రభుత్వాసుపత్రిలో ‘అమృతధారె’ 2022లో తెరిచారు.

దాత తల్లికి ముందు హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సిఫిలిస్ పరీక్షలు చేస్తారు. పాలను 62.5 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచి, చల్లార్చి, మైనస్ 20 డిగ్రీల్లో గడ్డకట్టిస్తారు. ఆ వేడికి క్రిములు చస్తాయి, ప్రతిదేహాలు కొన్ని పోతాయి, ఆ ప్రత్యేక చక్కెరలు మాత్రం చెక్కుచెదరవు. సొంత తల్లి పచ్చిపాలకు ఇవి సాటి రావు, కాకపోతే వాటి తర్వాతి స్థానం వీటిదే.

గొట్టం తీసేశాక

33, 34 వారాల నాటికి గొట్టం స్థానంలో ఉగ్గుగిన్నె వస్తుంది. కన్నడంలో దాన్ని ఒళలె అంటారు. ముక్కు తేలిన ఆ చిన్న గిన్నెను పాలపీక కన్నా శుభ్రం చేయడం ఎంతో తేలిక, మూలలు లేవు కదా. బిడ్డను కొంచెం నిటారుగా పట్టుకుని, గిన్నె ముక్కును పెదవి కొసకు ఆనిస్తే నాలుక మెల్లగా బయటికి వస్తుంది. పోయకూడదు, నాకనివ్వాలి.

ఆ తర్వాత ఒక రోజు, పాలు పిండేసిన రొమ్ముకు బిడ్డను చేరుస్తారు. ముందు పిండేయడం ఎందుకంటే, ధార ఒక్కసారిగా వస్తే ఊపిరి ఆడదు. బిడ్డ ముందు ఊరికే మూతి ఆనించి పడుకుంటుంది. నాకుతుంది. నర్సు గడియారం చూడదు, దవడ కింద చర్మాన్ని చూస్తుంది. ఒక చప్పరింపు, రెండు, మూడు, తర్వాత గుటక, తర్వాత ఊపిరికి ఓ విరామం. మళ్లీ మొదలు. అమ్మమ్మ మంచం పక్కన వంగి నోరు తెరవకుండా లెక్కపెడుతూ ఉంటుంది. ఏడు దాకా వచ్చేసరికి బిడ్డకు నిద్ర పట్టేస్తుంది.